గళ్ళ ఆటలో గోడలు

(ప్లాటినం జూబిలీ సభలో చేసిన ప్రసంగ పాఠము)



డెబ్బదియైదేళ్ళు నిండిన పాఠశాలలో ప్రసంగమంటే స్థాపకుల త్యాగాలను, ఉత్తీర్ణతా శాతాలను స్మరించుకోవడం పరిపాటి. ఆ పని ఉదయపు సభలో పెద్దలు ఎంతో చక్కగా నిర్వహించారు. ఇప్పటి ఈ కొద్ది నిమిషాలు ఒక చిన్న నోటుపుస్తకాన్ని గురించి. అది ప్రదర్శనశాలలో కిటికీ ప్రక్కనున్న కంప్యూటరు ముందర, పెన్సిలుకు దారంతో కట్టబడి ఉన్నది. అట్టమీద ముత్యాలవంటి అక్షరాలతో ‘తప్పుల పుస్తకం’ అని వ్రాసి ఉన్నది. దాని యజమానురాలు ఎనిమిదవ తరగతి చదువుతున్న ఒక బాలిక. ఇంట తెలుగు, బజారులో ఒడియా, యంత్రం ముందు ఆంగ్లం. గంజాం సీమలో పుట్టిన తెలుగు పిల్లలందరిదీ ఇదే కథ కనుక ఆమె పేరు చెప్పనక్కరలేదు.

కంప్యూటరు కార్యక్రమంలోని తప్పును ఆంగ్లేయులు పురుగు అని పిలుస్తారు. 1947 సెప్టెంబరు 9న హార్వర్డు విశ్వవిద్యాలయం వారి మార్క్ టూ అనే గణనయంత్రం ఆగిపోగా, విప్పి చూసినవారికి ఒక రిలేలో ఇరుక్కున్న చిమ్మట కనిపించినది. వారు దానిని దినచర్య పుస్తకంలో అంటించి పక్కనే ఆ సంగతి నమోదు చేశారు. ఆ పుట నేటికీ అమెరికాలోని స్మిత్‌సోనియన్ సంస్థ వద్ద భద్రంగా ఉన్నది. ఈ కథను గ్రేస్ హాపర్ అనే విదుషీమణి పలు సభలలో చెప్పి ప్రసిద్ధం చేశారు. పురుగు అనే మాట మాత్రం అంతకన్న పాతది. ఎడిసన్ 1878 నాటి లేఖలోనే యంత్రదోషాలను ఆ పేరుతో పేర్కొన్నాడు. ఇక్కడ గమనించదగినది చిమ్మట కాదు, దానిని పుస్తకంలో అంటించిన అలవాటు. తప్పును దులిపివేసి ఊరుకొనక తేదీ వేసి దాచుకున్నారు. గణితోపాధ్యాయిని ఆ బాలిక చేత మొదటి రోజుననే నోటుపుస్తకం కొనిపించడానికి కారణం ఇదే. ప్రతి పుటలోను మూడు గళ్ళు: ‘ఏమి జరుగుతుందనుకున్నాను’, ‘ఏమి జరిగింది’, ‘నిజానికి ఏమి వ్రాశాను’. ఈ మూడవ గడి నింపడమే కష్టం. చాలా పుటలలో అది రెండు మూడు రోజులు ఖాళీగా ఉండి, తరువాత వేరే సిరాతో నిండినది.

ఆమె వ్రాయదలచినది పైథాన్ భాషలో ఒక చిన్న గళ్ళ ఆట. పేరు ‘మామిడితోట’. తోట చుట్టూ గోడ, లోపల అక్కడక్కడ అడ్డుగోడలు, అయిదు మామిడిపళ్ళు, ఒక వాకిలి. ఆడేవారు ఒక్కొక్క మీట నొక్కుతూ పైకి, కిందికి, కుడికి, ఎడమకు ఒక్కొక్క గడి నడవాలి. గోడ ఉన్నచోట ఆగిపోవాలి. పళ్ళన్నీ ఏరుకుని వాకిలి దాటితే గెలుపు. వినడానికి ఇంతే. పులిజూదం ఆడగల పిల్లకు ఇదొక లెక్కా అనిపించవచ్చు.

మొదటి రోజు ‘పైకి’ నొక్కితే మనిషి కిందికి దిగినాడు. గణితపు తరగతిలో గ్రాఫు కాగితం మీద పైకి పోయిన కొద్దీ సంఖ్య పెరుగుతుందని నేర్చుకున్న పిల్ల, పైకి నడవడానికి వరుస సంఖ్యకు ఒకటి కూడినది. కాని ఆటలోని పటం గ్రాఫు కాగితం కాదు, పుస్తకంలోని పుట వంటిది. మొదటి వరుస పైన ఉంటుంది, తక్కినవి దాని కిందికి వస్తాయి. అందువల్ల కూడితే కిందికి, తీసివేస్తే పైకి. పైగా ఆ మొదటి వరుస సంఖ్య ఒకటి కాదు, సున్న. ఇది పిల్లలను చాలా కలవరపెట్టినది. ధాన్యం కొలిచే పెద్దలు మొదటి కుంచాన్ని ‘ఒకటి’ అనకుండా ‘లాభం’ అని, ఆ తరువాత ‘రెండు’ అనడం వారు వినే ఉన్నారని ఉపాధ్యాయిని గుర్తుచేశారు. మొదటిదానికి వేరే పేరు పెట్టుకున్నంత మాత్రాన కుంచాల మొత్తం మారదు. అయితే ఒక తేడా ఉన్నది. యంత్రం రెండవ దానిని ‘ఒకటి’ అంటుంది. ఏడు వరుసల పటంలో చివరి వరుస సంఖ్య ఆరు. తప్పుల పుస్తకంలో నాలుగు పుటలు కేవలం ఈ ఒక్క తేడా వలన నిండినవి.

రెండవ తప్పు ఇంతకంటె లోతైనది. అది మూడు రోజులపాటు తప్పుగా కనబడనే లేదు. గడి స్థానాన్ని చెప్పడానికి రెండు సంఖ్యలు కావాలి: ఎన్నవ వరుస, ఆ వరుసలో ఎన్నవ గడి. ఈ రెండవదానిని ఆమె ‘నిలువు’ అని పిలుచుకున్నది. పటం వరుసల జాబితా కనుక ముందు వరుసను, తరువాత నిలువును అడగాలి. ఆమె గ్రాఫులో అలవాటైన విధంగా అడ్డు కొలతను ముందుగా, అనగా నిలువును ముందు, వరుసను తరువాత వ్రాసినది. ఆట మాత్రం చక్కగా సాగినది! గోడలు నిలబెట్టవలసిన చోటనే నిలబెట్టినవి. కారణమేమనగా ఆమె గీసుకున్న పటం ఏడు వరుసలు, ఏడు నిలువులు గల చతురస్రం. సంక్రాంతి ముగ్గువలె నాలుగు వైపులా సరిసమానంగా ఉన్నది. వరుసలను నిలువులుగా, నిలువులను వరుసలుగా తారుమారు చేసినా ఆ ముగ్గు మారదు. అందమైన పటం తప్పును కప్పిపుచ్చినది.

నాలుగవ రోజున ఆమె తోటను విశాలం చేసి, అయిదు వరుసలు, తొమ్మిది నిలువులు పెట్టినది. ఇక చూడండి: ఖాళీ చోట మనిషి ఆగిపోతాడు, గోడలో నుండి దూరిపోతాడు, కుడివైపు సగం దాటగానే జాబితా హద్దు దాటినదని యంత్రం ఆంగ్లంలో ఫిర్యాదు చేసి ఆట నిలిపివేస్తుంది. పిల్ల కంట నీరు పెట్టుకున్నది. నిన్నటిదాకా బాగున్నది నేడు చెడిపోయినదని ఆమె బాధ. నిన్న కూడా చెడిపోయే ఉన్నదని గ్రహించడానికి ఒక పూట పట్టినది.

ఆ పూట జరిగిన పని చెప్పుకోదగినది. పాఠశాల వరండాలో నాపరాళ్ళు చదరపు గళ్ళుగా పరచి ఉన్నవి. ఉపాధ్యాయిని పిల్లలచేత ఆ రాళ్ళమీద సుద్దతో అంకెలు వేయించారు: అయిదు వరుసలు, తొమ్మిది నిలువులు, రెండూ సున్న నుండి. గోడ ఉన్న రాళ్ళమీద పుస్తకాల సంచులు పెట్టించారు. ఒక పిల్లవాడు ఆటలోని మనిషి. ఒక పిల్ల చేతిలో పటం. మూడవవారు కార్యక్రమాన్ని ఒక్కొక్క వాక్యం చొప్పున చదవాలి. నియమం ఒక్కటే: వాక్యం ఏమి చెప్పినదో అదే చేయాలి, చెప్పదలచినది చేయకూడదు. తెలివైన పిల్లలకే ఈ నియమం కష్టమైనది. ‘పటంలో అయిదవ వరుస, రెండవ గడి చూడు’ అని చదవగానే పటం పట్టుకున్న పిల్ల, ‘అయిదవ వరుస ఎక్కడిదే! నాలుగుతో అయిపోయింది కదా’ అన్నది. ఆ మాటతో తప్పు బయటపడినది. యంత్రం ఇంగ్లీషులో మొత్తుకున్నదీ సరిగ్గా అదే. ఆ రోజు నుండి ఆ తరగతిలో పరీక్షకు పెట్టే పటం ఎప్పుడూ వంకరటింకరగానే ఉంటుంది: పొడవు వేరు, వెడల్పు వేరు, గోడలు ఒక మూల ఎక్కువ, మరొక మూల తక్కువ.

ఇక గోడలు. నడిపించి చూడడమా, చూసి నడిపించడమా? ఆమె మొదట నడిపించి చూసినది. మనిషిని ముందు గడిలోకి జరిపి, అక్కడ గోడ ఉంటే ‘గోడ!’ అని తెరమీద వ్రాయించినది. గోడ అని వ్రాయడమైతే వ్రాసినది గాని మనిషి గోడలోనే ఉండిపోయినాడు. మరుసటి అడుగులో ఆవలి వైపు తేలినాడు. దీనికి విరుగుడుగా, గోడ తగిలితే నిలువు సంఖ్యలో ఒకటి తగ్గించమని చేర్చినది. కుడివైపు నడిచి గోడకు తగిలినప్పుడు ఇది సరిపోయినది. పైకి నడిచి తగిలినప్పుడు మాత్రం మనిషి వెనుకకు రాక, పైగడిలోనే ఎడమకు జరిగినాడు! వెనుకకు రావడమంటే వచ్చిన దారినే రావడం. ఎటునుండి వచ్చాడో గుర్తుంచుకోకుండా వెనుకకు పంపడం ఎవరితరము?

పులిజూదం పలక దగ్గర ఈ చిక్కు తీరినది. పులి మేకను దాటి దూకాలంటే ఆవలి చోటు ఖాళీగా ఉన్నదా అని ఆటగాడు ముందు కళ్ళతో చూస్తాడు. చేతిలోని గులకరాయి అప్పటికింకా కదలదు. అదే విధంగా, మనిషి స్థానాన్ని ముట్టుకోకుండా ‘పోదలచిన వరుస’, ‘పోదలచిన నిలువు’ అని వేరుగా రెండు పేర్లు పెట్టి, అక్కడ గోడ లేదని రూఢి చేసుకున్నాకనే అసలు స్థానాన్ని మార్చాలి. గోడ ఉంటే ఏమీ చేయనక్కరలేదు, వెనుకకు రావలసిన పనే లేదు. ఎనిమిది వాక్యాలు పోయి అయిదు మిగిలినవి. కొన్నాళ్ళ తరువాత ఆమె ‘దూకు’ అనే మీట చేర్చి ఒకేసారి రెండు గళ్ళు నడిపించగా, మనిషి సన్నని గోడలను దాటి అవతల పడసాగినాడు. దిగే గడిని చూసినది గాని దాటే గడిని చూడలేదు. పులికి ఈ పొరపాటు ఎన్నడూ జరగదు.

సభాసదులారా, ఇంతవరకు చెప్పినవి ఏ దేశపు పిల్లలకైనా జరిగేవే. తరువాతిది మాత్రం తెలుగు పిల్లకే జరిగినది.

అప్పటిదాకా ఆమె గోడకు గీతలు, గుర్తులు వాడినది. 2008లో వెలువడిన మూడవ పైథాన్ నుండి పేర్లను తెలుగు లిపిలో కూడా పెట్టుకోవచ్చునని తెలియగానే, ఆమె ఉత్సాహంగా ఆటనంతా తెలుగులోకి మార్చినది. వరుస, నిలువు, తోట అన్నీ తెలుగే. పటంలోను గోడకు ‘గో’, పండుకు ‘మ’, ఖాళీకి చుక్క, ఆటగత్తెకు ‘ఆ’. తెరమీద తోట ఎంతో ముచ్చటగా కనబడినది. ఆడబోతే ఒక్క గోడా అడ్డుకోదు! మనిషి నాలుగు గోడలలోనుంచి గాలివలె పోతున్నాడు. ఇంతకుముందు సరిదిద్దిన వాక్యాలన్నీ అలాగే ఉన్నవి. రెండుసార్లు మళ్ళీ చదివినా తప్పు కనబడలేదు.

ఆమె అన్నయ్య ఇంజనీరింగు చదువుతున్నాడు. ఆ రాత్రి ఫోనులో, ‘చెల్లాయ్, తెలుగులో వ్రాస్తే ఇలాగే ఉంటుంది. కంప్యూటరుకు తెలుగు పనికిరాదు. అన్నీ ఇంగ్లీషులోకి మార్చేసుకో’ అన్నాడు. ప్రేమతో చెప్పిన మాటే. పైగా ఇంగ్లీషులోకి మార్చితే ఆట నిజంగానే పనిచేసి ఉండును. ఆ పిల్ల అతని మాట నమ్మి ఉండును, తన తమ్ముళ్ళకు చెల్లెళ్ళకు అదే చెప్పి ఉండును. ఈ పాఠశాలలో తెలుగు మాధ్యమంలో చేరే పిల్లల సంఖ్య ఏటేటా ఎందుకు తగ్గుతున్నదో ఆలోచించే పెద్దలు ఈ ఒక్క ఫోను సంభాషణను గమనించాలి. తప్పు ఎక్కడ ఉన్నదో చూడకముందే భాషమీద తీర్పు వెలువడినది. అందులోని నష్టం ఒక ఆటతో పోయేది కాదు.

మరునాడు ఉపాధ్యాయిని జవాబు చెప్పలేదు. జవాబు ఆమెకూ తెలియదు. ‘నీవు మార్చవద్దు. ఒక్క వరుస మాత్రం పెట్టి, ఒక్క అడుగు మాత్రం వేసి చూద్దాము’ అన్నారు. అటు ఒక గోడ, ఇటు ఒక గోడ, నడుమ అయిదు చుక్కలు. ఆటగత్తె ఎడమగోడ పక్కనే, ఒకటవ నిలువులో నిలబడాలి. తెరమీద వచ్చినది ఇది:

గఆ.....గో

చూసిన పిల్లలలో ఒకడు, ‘టీచరుగారూ, గోడకు ఓత్వం పోయిందండీ!’ అని అరిచినాడు.

నిజమే. ఎడమవైపు ‘గో’ కాస్తా ‘గ’ అయినది. ఆటగత్తె చుక్క స్థానంలో నిలబడవలసినది, ఓత్వం స్థానంలో నిలబడినది. చుక్కలు నాలుగు మిగలవలసినవి అయిదూ ఉన్నవి. వరుస పొడవెంతని యంత్రాన్ని అడిగితే ఏడు అనక తొమ్మిది అన్నది. కంటికి ఒక్క అక్షరమైన ‘గో’ యంత్రం లెక్కలో రెండు: హల్లు ఒకటి, గుణింతపు గుర్తు ఒకటి. ప్రపంచంలోని ఎన్నో లిపులకు సంఖ్యలు కేటాయించిన యూనికోడ్ ప్రమాణంలో, 1991 నాటి తొలి కూర్పు నుండే తెలుగుకు స్థానమున్నది. అందులో తెలుగుకు కేటాయించిన 128 స్థానాలలో అచ్చులు, హల్లులు, గుణింతపు గుర్తులు వేర్వేరుగా ఉన్నవి. గుణింతాలన్నీ విడివిడిగా లేవు. పిల్లలు ఒకటవ తరగతిలో ‘గకు ఓత్వమిస్తే గో’ అని వల్లించినది యంత్రం అక్షరాలా పాటించుచున్నది. ఒక్కొక్క గడిలో ఒకే గుర్తును తీసి చూసే యంత్రానికి ఒకసారి ‘గ’, మరొకసారి ఓత్వం కనబడతాయి గాని ‘గో’ ఎన్నటికీ కనబడదు. కనబడని గోడ ఎలా అడ్డుకుంటుంది?

సవరణ సులభం. ‘గో’కు బదులు ‘గ’ పెట్టుకుంటే చాలునని ఉపాధ్యాయిని అన్నారు. పిల్ల ఒప్పుకోలేదు. ‘గ అంటే గోడ అని ఎవరికి తెలుస్తుందండీ?’ అన్నది. ఆలోచించి మరొక మార్గం కనుగొన్నారు: వరుసను అతికిన అక్షరాలుగా కాక, గడికీ గడికీ మధ్య ఖాళీ విడిచి వ్రాసి, ఆ ఖాళీల వద్ద యంత్రంచేత తుంచించి, ఒక్కొక్క తునకను ఒక్కొక్క గడిగా దాచడం. అప్పుడు గడిలో ‘గో’ ఉన్నా ‘స్త్రీ’ ఉన్నా యంత్రానికి ఒక్కటే. ఆనాటినుండి తోటకు గోడలు నిలిచినవి, ఓత్వాలతో సహా.

ఇది తెలుగుకు మాత్రమే వచ్చిన ఇబ్బందియూ కాదు. ఒడియా గుణింతాలకు, హిందీ మాత్రలకు ఇదే వర్తిస్తుంది. ఫ్రెంచివారి నెత్తిగీతల అక్షరాలను సైతం ఒకే గుర్తుగాను వ్రాయవచ్చు, రెండు గుర్తులుగాను వ్రాయవచ్చు. 2018 ఫిబ్రవరిలో ‘జ్ఞా’ అనే ఒక్క తెలుగు అక్షరం సందేశంగా వస్తే ఆపిల్ సంస్థ ఫోన్లలోని కార్యక్రమాలు కూలిపోయిన సంగతి లోకమంతా చెప్పుకున్నది. తెలుగు అక్షరం ఫోనును చంపినదని నవ్వుకున్నవారున్నారు. లోపం ఆ సంస్థ అక్షరాలను పేర్చే పద్ధతిలో ఉన్నది. అదే నెలలో వారే సవరించుకున్నారు. అక్షరం మాత్రం ఏమీ మారలేదు. ఇక్కడికి ఎంతో దూరం కాని పర్లాకిమిడిలో ఉపాధ్యాయులుగా పనిచేసిన గిడుగు రామమూర్తి పంతులుగారు (1863–1940) సవర పిల్లల చదువుకోసం ముందు తాము సవర భాష నేర్చుకున్నారు గాని, సవర చదువుకు పనికిరాదని తేల్చివేయలేదు.

అన్నయ్యకు ఈ వివరమంతా వ్రాసి పంపగా, అతడు తన యంత్రంలో తానే పరీక్షించి చూసి, ఈ సంగతి తనకూ తెలియదని జవాబు వ్రాసినాడు. ఆ జవాబును పిల్ల తప్పుల పుస్తకంలో అంటించుకున్నది; చిమ్మట కథ ఆమెకు బాగా గుర్తున్నట్లున్నది.

గోడలు నిలిచిన తరువాత వాకిలి మొండికేసినది. పై గోడలో నడుమ ఒక గడి ఖాళీగా విడిచి వాకిలి పెట్టినది. మనిషి వాకిట్లోకి వస్తాడు, పైకి నొక్కితే ‘గోడ!’ అని వస్తుంది. అక్కడ గోడ లేదు, పటమే లేదు, బయలు. ఈ కనిపించని గోడను వెదకడానికి వరండాలోని సుద్ద గళ్ళు మళ్ళీ అవసరమైనవి. సున్నవ వరుసనుండి ఒకటి తీసివేస్తే ఋణ ఒకటి. ఋణ ఒకటవ వరుస లేదని యంత్రం మొరపెట్టుకోవాలి కదా? పైథాన్ అలా చేయదు. ఆ భాషలో ఋణ ఒకటి అంటే చివరినుండి మొదటిది. కనుక యంత్రం తోట అడుగున ఉన్న చివరి వరుసను చూసి, అక్కడి గోడను పై వాకిట్లో నిలబెట్టినది! పరీక్షకై అడుగు గోడలోను అదే నిలువులో ఒక గడి తీసివేయగా, మనిషి వాకిలి దాటి పూర్తిగా మాయమైనాడు. ఋణ ఒకటవ వరుసలో మనిషిని గీయమని ఎవరూ చెప్పలేదు మరి.

ఇందులోని విచిత్రమేమనగా, కిందివైపు హద్దు దాటితే యంత్రం వెంటనే ఫిర్యాదు చేస్తుంది, పైవైపు దాటితే నోరు మెదపదు. ఆంగ్లంలో ఎర్రగా వచ్చే ఫిర్యాదును చూసి పిల్లలు భయపడతారు. భయపడవలసినది ఫిర్యాదు రాని చోట. సవరణ ఏమిటంటే, గోడ ఉన్నదా అని పటాన్ని అడగడానికి ముందే పోదలచిన సంఖ్యలు పటం హద్దులలో ఉన్నవా అని చూడాలి. ఈ రెండు ప్రశ్నల వరుస మారకూడదు. హద్దు బయట ఉంటే, పళ్ళు అయిదూ ఏరినాడా అని చూసి గెలుపు ప్రకటించాలి.

1980లో జపాను దేశపు నామ్‌కో సంస్థలో తోరు ఇవతాని రూపొందించిన పాక్‌మాన్ ఆటను పూర్వవిద్యార్థులలో కొందరు ఆడే ఉంటారు. అందులో ఎడమవైపు సొరంగంలో దూరితే కుడివైపు తేలుతారు. అక్కడ అది పొరపాటు కాదు, కోరి పెట్టిన నియమం. మామిడితోటలో మాత్రం కోరకుండానే ఏర్పడినది.

అదే ఆట చివరి తప్పును తీర్చడానికి కూడా తోడ్పడినది. పిల్ల తోటలో ఒక కావలివాడిని పెట్టినది. ఆటగత్తె ఒక అడుగు వేస్తే అతడూ ఒక అడుగు వేస్తాడు; ఇద్దరూ ఒకే గడిలోకి వస్తే ఆట ముగుస్తుంది. ఒకనాడు ఇరుకు దారిలో ఇద్దరూ ఎదురెదురుగా నడిచి, ఒకరిలోనుండి ఒకరు దాటిపోయినారు! వరండాలో ఇద్దరు పిల్లలను పక్కపక్క రాళ్ళమీద ఎదురెదురుగా నిలబెట్టి ఒక్కసారిగా అడుగు వేయించగా వారి తలలు ఢీకొన్నవి, అందరూ నవ్వినారు. యంత్రంలో మాత్రం ఢీకొనలేదు. అడుగుకు ముందు ఆమె అయిదవ గడిలో, అతడు ఆరవ గడిలో. అడుగు తరువాత ఆమె ఆరులో, అతడు అయిదులో. ఏ క్షణాన చూసినా ఇద్దరూ ఒకే గడిలో లేరు. పాక్‌మాన్‌లోనూ ఇదే లోపం ఉన్నది. ఆటగాడు, భూతము ఒకే గడిలో ఉన్నారా అని మాత్రమే ఆ యంత్రం చూస్తుంది. ఇద్దరూ ఒకే క్షణంలో గళ్ళు మార్చుకుంటే ఆటగాడు భూతంలోనుండి క్షేమంగా బయటపడతాడు. ప్రపంచమంతా ఆడిన ఆటలో తన తప్పే ఉన్నదని తెలిసిన నాడు ఆ పిల్ల ముఖం చూడవలసినది! సవరణ చిన్నదే: ఒకే గడిలో ఉన్నారా అని అడగడంతో ఆగక, ఈమె పాత గడిలో అతడు, అతని పాత గడిలో ఈమె ఉన్నారా అని కూడా అడగాలి.

నిన్న సాయంత్రం ప్రదర్శన తెరవగానే ఆరవ తరగతి కుర్రవాడొకడు యంత్రం ముందు కూర్చుని, పది నిమిషాలలో కొత్త సంగతి కనిపెట్టినాడు. గోడవైపు పదేపదే నడుస్తుంటే ఆటగత్తె ఉన్నచోటనే ఉంటుంది, కావలివాడు మాత్రం అడుగులు వేస్తూనే ఉంటాడు. అలా గోడకు తగులుతూ నిలబడి, కావలివాడు దూరంగా పోయేదాకా ఆగి, తాపీగా పళ్ళన్నీ ఏరుకుని వాకిలి దాటినాడు. చుట్టూ ఉన్న పిల్లలు ఇది మోసమని కొందరు, తెలివి అని కొందరు వాదులాడినారు. ఆటగత్తె కదలనప్పుడు కావలివాడు కదలవచ్చునా, కూడదా అన్నది ఆ బాలిక ఎన్నడూ ఆలోచించలేదు. దారపు పెన్సిలు తీసుకుని తప్పుల పుస్తకంలో కొత్త పుట తెరిచినది. మొదటి రెండు గళ్ళు నింపినది. మూడవ గడిలో ‘ఇది తప్పా? నియమమా?’ అని వ్రాసి, కుర్రవాడిని మరొకసారి ఆడి చూపించమన్నది.